మధ్యతరగతి పక్షాన ఏ పార్టీ ఉంది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

రాజకీయ పార్టీలకూ మధ్యతరగతికీ ఉన్న సంబంధం గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. మొదటి ప్రశ్న మిగిలిన వాటన్నింటికీ మూలం కాబట్టి దానికే ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ అన్ని పార్టీలూ మధ్యతరగతి పేరు తలుస్తాయి. రైతు కోసం ఒక పథకం, పేదల కోసం ఒక పథకం, పరిశ్రమల కోసం ఒక రాయితీ కనిపిస్తాయి గానీ, నెల జీతం మీద బతికే మాలాంటివారి తరఫున నిలబడే పార్టీ ఏదో నాకు తెలియడం లేదు. నిజంగా ఏ పార్టీ అయినా మాకు ప్రాతినిధ్యం వహిస్తోందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ఏ పార్టీ కూడా మధ్యతరగతికి పూర్తిగా ప్రాతినిధ్యం వహించడం లేదన్నదే నా అభిప్రాయం. అయితే మధ్యతరగతి మాటకు పార్టీల దగ్గర విలువే లేదనుకోవడం కూడా సరికాదు. ఆ మాట ఏ విషయాల్లో చెల్లుబాటు అవుతోంది, ఏ విషయాల్లో కావడం లేదు అన్నది కాస్త ఓపికగా పరిశీలిస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఆదాయపు పన్నుతో మొదలుపెడదాం. 2025 జనవరిలో ఢిల్లీ శాసనసభ ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతున్నప్పుడు ఆమ్ ఆద్మీ పార్టీ మధ్యతరగతి పేరుతోనే ప్రత్యేకంగా ఒక కోరికల పత్రం విడుదల చేసి, పన్ను లేని ఆదాయ పరిమితిని 7 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచాలని కేంద్రాన్ని డిమాండ్ చేసింది. ఫిబ్రవరి 1న భారతీయ జనతా పార్టీ నాయకత్వంలోని కేంద్ర ప్రభుత్వం తన బడ్జెట్‌లో, కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి 12 లక్షల వరకు, జీతం తీసుకునేవారికి స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల వరకు, పన్ను లేకుండా చేసింది. ఫిబ్రవరి 5న ఢిల్లీలో పోలింగ్ జరిగింది. ఏడాదికి సుమారు లక్ష కోట్ల రూపాయల రాబడిని వదులుకోవడానికి ఒక ప్రభుత్వం సిద్ధపడిందంటే, ఆ వర్గం ఓట్లను ఎవరూ తేలికగా తీసుకోవడం లేదన్న సంగతి స్పష్టమే.

ఇంతకు ముందు కూడా ఇలాంటివి జరిగాయి. 2016 ఫిబ్రవరి 29న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో, ఆ ఏడాది ఏప్రిల్ తర్వాత భవిష్యనిధిలో జమయ్యే సొమ్మును తీసుకునేటప్పుడు అందులో 60 శాతంపై పన్ను వేయాలని ప్రతిపాదించారు. ఉద్యోగుల నుంచి వచ్చిన ఆగ్రహానికి తలొగ్గి మార్చి 8 నాటికి, అంటే పది రోజులు కూడా గడవకముందే, ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. 2024 జులైలో ఇళ్లు, స్థలాల అమ్మకంపై వచ్చే లాభాన్ని లెక్కగట్టేటప్పుడు ద్రవ్యోల్బణానికి ఇచ్చే మినహాయింపును తొలగించినప్పుడూ అదే జరిగింది. ఆగస్టులోనే సవరణ తెచ్చి, ఆ బడ్జెట్ తేదీకి ముందు కొన్న ఆస్తుల విషయంలో పాత పద్ధతినే ఎంచుకునే వీలు కల్పించారు.

ఈ సందర్భాలన్నింటిలోనూ నష్టం ఎంతో ప్రతి కుటుంబానికీ ఒకే రోజున, ఒకే అంకె రూపంలో తెలిసింది. పత్రికల్లో రాసేవారు, టీవీలో మాట్లాడేవారు, ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాలు నడిపేవారు కూడా ఆ నష్టపోయేవారిలోనే ఉన్నారు. నిర్ణయం తీసుకోవలసింది కూడా ఒక్క కేంద్ర ఆర్థిక శాఖే. ఈ మూడూ కలిసినచోట మధ్యతరగతి గొంతు చాలా త్వరగా చేరవలసిన చోటికి చేరుతుంది.

ఇవి కలవనిచోట ఏమవుతుందో ఆరోగ్య బీమా ఉదంతం చెబుతుంది. 2017 జులైలో వస్తు సేవల పన్ను అమల్లోకి వచ్చినప్పటి నుంచి జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంలపై 18 శాతం పన్ను పడింది. తన కుటుంబం అనారోగ్యం పాలైతే ప్రభుత్వం మీద ఆధారపడకుండా ముందుజాగ్రత్త పడే మనిషిపై ప్రభుత్వం వేసిన పన్ను అది. ఆ పన్నును నిర్ణయించే మండలిలో కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు అన్ని రాష్ట్రాల మంత్రులూ కూర్చుంటారు. అంటే దేశంలో ఎక్కడో ఒకచోట అధికారంలో ఉన్న ప్రతి పెద్ద పార్టీకీ అందులో కుర్చీ ఉంది. 2024 జులైలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ, నాగపూర్‌లోని బీమా ఉద్యోగుల సంఘం ఇచ్చిన వినతిపత్రాన్ని ప్రస్తావిస్తూ, ఈ పన్ను తొలగించమని ఆర్థిక మంత్రికి లేఖ రాసిన తర్వాత గానీ ఈ విషయం పెద్ద చర్చకు రాలేదు. చివరికి 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై ఆ పన్ను పోయింది. ఎనిమిదేళ్లకు పైగా ఏ పార్టీ కూడా దీనిని తన ప్రధాన పోరాటంగా చేసుకోలేదన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందరూ భాగస్వాములైన నిర్ణయానికి ఎవరినీ జవాబుదారీ చేయలేకపోవడమే దీనికి కారణం.

పింఛన్ల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరినవారికి పాత పింఛను పోయి, ఉద్యోగి కూడా జీతంలోంచి వాటా కట్టే, ఇంత పింఛను వస్తుందన్న హామీ లేని సీపీఎస్ వచ్చింది. ప్రభుత్వోద్యోగులకు సంఘాలున్నాయి, సమ్మె చేయగల శక్తి ఉంది, ఎన్నికల విధులు నిర్వహించేది కూడా వారే. అందుకే 2019 ఎన్నికల ముందు వైఎస్సార్ కాంగ్రెస్ సీపీఎస్ రద్దు హామీ ఇచ్చింది. ఆ హామీ నిలబెట్టుకోలేక 2023లో హామీ పింఛను చట్టం తెచ్చింది. 2022లో హిమాచల్‌ప్రదేశ్‌లో పాత పింఛను వాగ్దానం కాంగ్రెస్ విజయానికి తోడ్పడింది. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం కూడా ఏకీకృత పింఛను పథకం అమలు చేస్తోంది. ఇక మీలాంటి ప్రైవేటు ఉద్యోగులకు వర్తించే 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛను 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయమై, దానిని 7,500కు పెంచమని వృద్ధులు ఏళ్ల తరబడి ధర్నాలు చేసినా, ఒక దశాబ్దం గడిచినా అక్కడే నిలిచిపోయింది. ఇద్దరూ మధ్యతరగతి వారే, ఇద్దరికీ వృద్ధాప్యం ఒక్కటే. ఒకరికి సంఘం ఉంది, మరొకరు వేల సంస్థల్లో చెల్లాచెదురుగా పనిచేసి విరమించినవారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జీతగాడి ఇంటి ఖర్చులో పెద్ద భాగం పిల్లల చదువు, వైద్యం, ఇంటి అద్దె లేదా వాయిదా, రాకపోకలు. వీటిలో చాలావరకు రాష్ట్రాల చేతిలోనూ, పురపాలక సంస్థల చేతిలోనూ ఉన్న విషయాలు. వీటి గురించి పార్టీలు మధ్యతరగతితో మాట్లాడవు, మధ్యతరగతి కూడా పార్టీలను అడగదు. ఎందుకంటే గత మూడు నాలుగు దశాబ్దాలలో ఈ వర్గం ప్రభుత్వ బడి నుంచి, ప్రభుత్వ ఆసుపత్రి నుంచి, సిటీ బస్సు నుంచి ఒక్కొక్కటిగా తప్పుకుంది. తప్పుకున్నవారి ఫిర్యాదు ఏ ఎమ్మెల్యేకూ చేరదు. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టినదే. ప్రైవేటు బడుల ఫీజుల మీద తెలంగాణ ప్రభుత్వం నియమించిన ఆచార్య తిరుపతిరావు కమిటీ 2017 చివరిలో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఫీజుల నియంత్రణకు చట్టం రాలేదు. భవిష్యనిధి పన్నును పది రోజుల్లో వెనక్కి మళ్లించగలిగిన అదే వర్గం, ప్రతి జూన్‌లోనూ తనను పిండే ఫీజుల విషయంలో ఏ పార్టీనీ కదిలించలేకపోయింది. ఏటా కొంచెం కొంచెంగా, ఒక్కో బడిలో ఒక్కో విధంగా పెరిగే ఫీజుకు బడ్జెట్ రోజు లాంటి ఒక రోజు ఉండదు.

పార్టీల లోపలి నిర్మాణం గురించి కూడా చెప్పాలి. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి చట్టప్రకారం 95 లక్షల రూపాయల వరకు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల వరకు ఖర్చు చేయవచ్చు; పార్టీ చేసే ఖర్చుకు పరిమితే లేదు. జీతం మీద బతికే కుటుంబానికి చట్టబద్ధమైన ఆ మొత్తమే జీవితకాలపు పొదుపుకు సమానం, అసలు ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే. అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ లెక్క ప్రకారం 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 504 మంది కోటి రూపాయలకు పైగా ఆస్తి ప్రకటించినవారే. ఒకప్పుడు తాలూకా కోర్టు ప్లీడరు, హైస్కూలు ఉపాధ్యాయుడు పార్టీలో ఎదిగి టికెట్ పొందేవారు. ఇప్పుడు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఒకవేళ అలాంటివారు గెలిచినా, 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పార్టీ జారీ చేసిన విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది కనుక, సభలో తమ వర్గం తరఫున స్వతంత్రంగా ఓటు వేసే వీలు వారికి ఉండదు.

చివరగా ఒక్క మాట. మధ్యతరగతి అని మనం ఒక్క పేరుతో పిలిచే జనంలో ప్రయోజనాలు ఒక్కటి కావు. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు తగ్గిస్తే ఇంటి అప్పు కడుతున్న యువ దంపతులకు ఊరట, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద బతికే వారి తల్లిదండ్రులకు నష్టం. స్థలాల ధర పెరిగితే ఇల్లున్నవాడికి ఆస్తి పెరుగుతుంది, అద్దెకుండేవాడికి ఆశ తరిగిపోతుంది. ఎవరు మధ్యతరగతి అన్నదానిపై ప్రభుత్వానికే ఒక్క కొలమానం లేదు: 2019లో వచ్చిన 103వ రాజ్యాంగ సవరణ అమలులో 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాన్ని ఆర్థికంగా బలహీనమైనదిగా గుర్తిస్తారు, పన్ను విషయంలో గీత 12 లక్షల దగ్గర ఉంటుంది, ప్రైస్ అనే పరిశోధనా సంస్థ ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షల వరకు సంపాదించే కుటుంబాలన్నింటినీ మధ్యతరగతిలో చేర్చి, 2020–21లో జనాభాలో 31 శాతం అలాంటివారని అంచనా వేసింది. కులం, ప్రాంతం, ఉద్యోగ స్వభావం ఈ జనాన్ని ఇంకా విడదీస్తాయి. మీరు జీతగాడిగా ఒక పార్టీని, మీ కులస్థుడిగా మరొక పార్టీని, మీ ప్రాంతవాసిగా ఇంకొక పార్టీని మెచ్చవచ్చు. ఈ మూడింటిలో జీతగాడిగా మీకున్న అస్తిత్వమే ఓటు వేసే రోజున అన్నింటికన్నా బలహీనంగా ఉంటుందని పార్టీలకు బాగా తెలుసు.

ప్రశ్న: అలాంటప్పుడు మధ్యతరగతి తనకంటూ ఒక పార్టీ ఎందుకు పెట్టుకోకూడదు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

సమాధానం: అమ్మా, ఆ ప్రయత్నాలు జరిగాయి, వాటిలో తెలుగువారి పాత్ర కూడా తక్కువ కాదు. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించిన తర్వాత రాజాజీ స్వతంత్ర పార్టీని ప్రారంభించినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా గారు. పరిశ్రమ పెట్టాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన లైసెన్సుల రాజ్యాన్ని వ్యతిరేకించిన ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలుచుకుంది. అయితే దానికి అంగబలం, అర్థబలం సమకూర్చినవారిలో సంస్థానాధీశులు, భూస్వాములు, పారిశ్రామికవేత్తలు ఎక్కువ. 1974లో అది మరో పార్టీలో కలిసిపోయింది.

మీ తరానికి దగ్గరి ఉదాహరణ లోక్‌సత్తా. 1996లో ఉద్యమంగా మొదలై, 2006లో పార్టీగా మారి, 2009లో కూకట్‌పల్లి నుంచి జయప్రకాశ్ నారాయణ గారిని శాసనసభకు పంపింది. అభ్యర్థుల నేరచరిత్ర, ఎన్నికల ఖర్చు, స్థానిక సంస్థలకు అధికారాలు వంటి విషయాలపై ఆ సంస్థ చేసిన కృషి చిన్నది కాదు. కానీ రాష్ట్రమంతటా పోటీ చేసి గెలిచింది ఆ ఒక్క స్థానమే. 2014లో ఆయన మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు, ఆ తర్వాత పార్టీ ఎన్నికల బరి నుంచి తప్పుకుంది. నగర నియోజకవర్గంలో గెలిచి పల్లెల్లో గెలవలేకపోవడానికి ఆలోచనల లోపం కారణమని నేను అనుకోను. ప్రతి గ్రామంలో పార్టీ జెండా పట్టుకుని రోజూ నిలబడేవారు, తగవులు తీర్చేవారు, ఆసుపత్రికి వెంట వచ్చేవారు కావాలి. ఆ పనికి సమయమిచ్చే మధ్యతరగతి మనుషులు చాలినంతమంది దొరకలేదు. మెచ్చుకున్నవారిలో చాలామంది ఓటు మాత్రం గెలిచే పార్టీకే వేశారు.

ఆమ్ ఆద్మీ పార్టీ 2012లో పుట్టి, 2015లో ఢిల్లీలో 70 స్థానాలకు 67 గెలిచింది. ఆ విజయంలో విద్యావంతులైన కార్యకర్తలది పెద్ద పాత్ర అయినా, ఓట్లలో అధిక భాగం మురికివాడల నుంచి, అనధికార కాలనీల నుంచి వచ్చింది. అందుకు తగ్గట్టే ఉచిత విద్యుత్తు, ఉచిత నీరు, ప్రభుత్వ బడుల మెరుగుదల ఆ పార్టీ ముఖ్య కార్యక్రమాలయ్యాయి. 2025లో అది 22 స్థానాలకు పడిపోయింది. దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, కేవలం మధ్యతరగతి కోసం పెట్టిన పార్టీ మన ఎన్నికల పద్ధతిలో గెలవలేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో, దేశమంతటా పలచగా పరుచుకున్న వర్గానికి ఎన్ని ఓట్లున్నా సీట్లు రావు. ఇతర వర్గాలతో కలిసి నడిచే పార్టీలో ఈ వర్గం చెప్పుకోదగ్గ భాగస్వామి కావడమొక్కటే మిగిలిన దారి, అందుకు పార్టీ సభ్యత్వం తీసుకుని లోపలికి వెళ్లేవారు కావాలి. మీకు రాజకీయాల మీద ఆసక్తి ఉంటే, మీ తల్లిదండ్రులు వారించినా, ఆ ఆసక్తిని వదులుకోకండి.

ప్రశ్న: మేము కట్టే పన్నులను సంక్షేమం పేరిట పప్పుబెల్లాల్లా పంచిపెడుతున్నారు. పేదల ఓట్ల కోసం మధ్యతరగతిని బలిపెట్టడం కాదా ఇది?
– ఒక చిన్న వ్యాపారి, గుంటూరు

సమాధానం: మీ ఆవేదనను అర్థం చేసుకోగలను. వ్యక్తిగత ఆదాయపు పన్ను వసూళ్లు 2023–24లో 10 లక్షల కోట్లు దాటి, కంపెనీలు కట్టే కార్పొరేట్ పన్నును మించిపోయాయి. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించిన నిర్ణయానికి ఇందులో కొంత పాత్ర ఉంది. భారం ఎవరి మీదికి జరిగిందని అడగదలచుకుంటే ముందు ఆ నిర్ణయం గురించి అడగాలి.

పేదలు పన్ను కట్టరన్న మాట నిజం కాదు. సబ్బు కొన్నా, సెల్‌ఫోన్ రీచార్జి చేయించుకున్నా, పెట్రోలు పోయించుకున్నా కూలివాడూ పన్ను కడుతున్నాడు. మరోవైపు ఆదాయపు పన్ను రిటర్నులు వేసేవారిలోనే మూడింట రెండు వంతుల మంది కట్టవలసిన పన్ను సున్నా. సంక్షేమం మధ్యతరగతిని పూర్తిగా వదిలేసిందనడం కూడా కష్టమే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఆ తర్వాత వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల దిగువ మధ్యతరగతి ఇళ్లలో ఎన్నో ప్రాణాలు నిలిచాయి, మొదటి తరం ఇంజనీర్లు తయారయ్యారు. పాత పన్ను విధానంలో ఇంటి అప్పు వడ్డీపై 2 లక్షల వరకు ఇచ్చే మినహాయింపు కూడా ప్రభుత్వం వదులుకున్న సొమ్మే, దానిని ఎవరూ ఉచితం అనరు.

నాకున్న అభ్యంతరం వేరు. ఖజానాలో సొమ్ము ఖాతాల్లోకి బదిలీ చేసే పథకాలకే సరిపోతే, బడికి ఉపాధ్యాయుడు, ఆసుపత్రికి వైద్యుడు, నగరానికి బస్సు కొరవడతాయి. వాటి లోటు పేదవాడికీ మీకూ ఒకేలా తగులుతుంది. మీ ఊరి ప్రభుత్వ జూనియర్ కళాశాల బాగుపడితే మీ దుకాణంలో పనిచేసే కుర్రవాడి చెల్లెలూ, మీ అమ్మాయీ ఒకే తరగతిలో కూర్చోగలరు. ఈ కోరిక మీద రెండు వర్గాలూ కలవకుండా ఉండడం పార్టీలకు సౌకర్యంగా ఉంది. పేదల మీద మీకున్న కోపం ఆ సౌకర్యాన్ని పెంచుతుందే గానీ తగ్గించదు.

ప్రశ్న: ఓటే వేయని మధ్యతరగతికి పార్టీలను నిందించే హక్కు ఉందా?
– పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: నిందించే హక్కు ఓటు వేసినా వేయకపోయినా పౌరుడికి ఉంటుంది. అయితే మీరు చెప్పిన లోపం నిజమే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ స్థానాల్లో పోలింగ్ 50 శాతం కూడా దాటలేదు, పక్కనే ఉన్న భువనగిరిలో 76 శాతం దాటింది. దీనికి బద్ధకం ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. అద్దె ఇళ్లు మారేవారి పేర్లు పాత చిరునామాలోనే ఉండిపోతాయి, సొంత ఊళ్లో ఓటున్నవారు అక్కడికి వెళ్లి వేస్తారు. ఇల్లు మారినప్పుడు ఫారం 8 నింపితే ఓటు కొత్త చిరునామాకు మారుతుంది. ఓటరుగా చేరడానికి ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హతా తేదీలు కూడా ఉన్నాయి. మీ అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం నిర్వహణ రుసుము వసూలు చేసే శ్రద్ధలో కొంత ఈ పనికి కేటాయిస్తే, ఆ వార్డులో పోటీ చేసే ప్రతి అభ్యర్థీ మీ గేటు దగ్గర ఆగుతాడు.

ప్రశ్న: చదువుకున్నవారికి ప్రాతినిధ్యం ఉండాలనే కదా రాజ్యాంగంలో పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాలు పెట్టారు? అవి ఆ పని చేస్తున్నాయా?
– ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మంచి ప్రశ్న అడిగారు. మధ్యతరగతి రాజకీయ ప్రాతినిధ్యం గురించి మాట్లాడేవారు చాలాసార్లు ఈ నియోజకవర్గాల ఊసే ఎత్తరు. రాజ్యాంగంలోని 171వ అధికరణం ప్రకారం శాసనమండలి సభ్యుల్లో పన్నెండో వంతు పట్టభద్రులు, మరో పన్నెండో వంతు ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. 58 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ మండలిలో అయిదుగురు పట్టభద్రుల తరఫున, అయిదుగురు ఉపాధ్యాయుల తరఫున ఉంటే, 40 మంది ఉన్న తెలంగాణ మండలిలో ముగ్గురేసి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ మండలి 1985లో రద్దయి 2007లో మళ్లీ వచ్చింది. 2020లో మళ్లీ రద్దుకు తీర్మానం చేసి, మరుసటి ఏడాది ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ సభ ఉనికే అధికార పక్షం ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ రెండోసారి ఆమోదించి పంపితే మరో నెల మాత్రమే ఆలస్యం చేయగలదు.

అధికారం తక్కువే అయినా, ఈ సీట్ల నుంచి స్వతంత్రంగా గెలిచి వచ్చిన ఆచార్య కె. నాగేశ్వర్ గారు, ఉపాధ్యాయుల తరఫున వచ్చిన చుక్కా రామయ్య గారు విద్య గురించి సభలో మాట్లాడిన తీరు గుర్తున్నవారికి వీటి విలువ తెలుస్తుంది. పార్టీ టికెట్ అక్కరలేకుండా, అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే ప్రాధాన్య ఓటు పద్ధతిలో, తన వృత్తిలో సంపాదించుకున్న గౌరవంతో ఒక మధ్యతరగతి మనిషి చట్టసభలో అడుగుపెట్టగల దారి మన వ్యవస్థలో దాదాపు ఇదొక్కటే. అందుకే ఇటీవలి సంవత్సరాల్లో ప్రధాన పార్టీలు ఈ సీట్లను కూడా తమ ఖాతాలో వేసుకోవడానికి పూర్తి బలంతో దిగడం నాకు విచారం కలిగిస్తోంది. పట్టభద్రుల స్థానానికి పోటీ చేసే వ్యక్తి పట్టభద్రుడే కావాలన్న నిబంధన లేదని సుప్రీంకోర్టు 1972లోనే స్పష్టం చేసింది కాబట్టి, ఎవరిని పంపాలన్న బాధ్యత పూర్తిగా ఓటరుదే.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ ఓటర్ల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. క్రితం సారి ఓటు వేశాము కదా అని ఊరుకుంటే ఈసారి పేరు ఉండదు. ఎన్నికకు ముందు వచ్చే నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడిచినవారు ఫారం 18, ఉన్నత పాఠశాల స్థాయి లేదా ఆ పైన బోధిస్తున్న అర్హులైన ఉపాధ్యాయులు ఫారం 19 నింపి, ధ్రువపత్రాల నకళ్లతో ఇవ్వాలి. మీ పాఠశాలలో సహోద్యోగులతో ఫారం 19, మీ దగ్గర చదువుకుని డిగ్రీ పూర్తిచేసిన పూర్వ విద్యార్థులతో ఫారం 18 గడువులోగా నింపించే పని మీరు చేపట్టగలిగితే, వచ్చే ఎన్నికలో మీ నియోజకవర్గపు జాబితాను పార్టీల కార్యకర్తలు కాక ఉపాధ్యాయులే తయారుచేసినట్టవుతుంది.